అయస్కాంతానికి అంటనిది

మా ఆయన మంచివాడే. ఆ మాట ముందే అనేస్తే ఇకమీద నేను ఎన్ని తిట్టినా ఎవరూ నన్ను తప్పు పట్టరు. పాత ట్యూబులైట్ల కట్టను నా ఒళ్ళో అడ్డంగా పెట్టి, నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టి, "జాగ్రత్తగా పట్టుకో, పగిలాయంటే పూచీ నీదే" అని ఆరోజు పొద్దున నాకే బుద్ధులు చెప్పాడు. అప్పటికే వాటిలో కొన్ని పగిలిపోయి నెల దాటిందని ఆయనకు తెలుసు.

మాది కుట్టుపని దుకాణం. కర్టెన్లు, సోఫా గలేబులు, కుర్చీ దిళ్ళు కుడతాం. మిషన్ల మీద పొద్దస్తమానం వెలుతురు ఉండాలి. పాత ట్యూబులు మిణుకుమిణుకుమంటూ మా అత్తగారి కళ్ళను తోడేస్తున్నాయని అన్నీ పీకించి కొత్త ఎల్‌ఈడీలు పెట్టించాం. పాతవి చెత్తలో పారెయ్యకూడదని, వాటిలో పాదరసం ఉంటుందని, పగలకుండా తెచ్చి ఇస్తే తీసుకుంటామని మా వీధి మొదట్లో కాగితం అంటించారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేసే మనిషిని నేను. కొత్త ట్యూబు వచ్చిన అట్టతొడుగులోనే పాత ట్యూబు పెట్టాలని మా ఆయనకు గట్టిగా చెప్పాను. అన్నీ కట్టగట్టి అటక మీద దాచాం. ఇన్నాళ్ళకు తీరిక దొరికింది.

ఆ లైట్లు తీసుకునే చోటు ఒక పెద్ద రేకుల షెడ్డు. బల్ల దగ్గర చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. ఒక్కో అట్టలోంచి ట్యూబును మెల్లగా జార్చి, అటూ ఇటూ చూసి, పక్కనున్న నిలువు పెట్టెలో దించుతోంది. ఆమె నింపాదితనం చూస్తే నాకు ఒళ్ళు చిమచిమలాడింది. ఊరికే నిలబడలేక వీటిని ఏం చేస్తారని అడిగాను.

"మూసిన మిషన్లో పగలగొడతారండీ. గాజు వేరు, రేకు వేరు, పాదరసం వేరు. అన్నీ మళ్ళీ వాడుకోవచ్చు," అంటూ ఆమె ఇంకో అట్టను చేతిలో ఎత్తి చూసింది. బరువు చూసింది. లోపలికి తొంగిచూసింది. "ఇది ఖాళీ అండీ. ఇదీ ఖాళీ. ఇదిగో, ఇది కూడా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద ఉన్న బొమ్మల వైపు చూశాడు.

"ఏమండీ, వీటిలోవి ఏవి?"

"అవా..." అని నీళ్ళు నమిలాడు. "నిచ్చెన దిగుతుంటే జారాయి. మూడే."

"ఎప్పుడు?"

"నువ్వు బట్ట కొనడానికి వెళ్ళావు చూడు, ఆరోజు."

"మరి ఖాళీ అట్టలు కట్టలో ఎందుకు పెట్టారు?"

"కట్ట సన్నబడితే నువ్వు అడుగుతావని."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోనన్న సంగతి మా వీధి వీధంతటికీ తెలుసు.

ఆ అమ్మాయికి మా గొడవతో పనిలేదు. "పగిలిన ముక్కలు ఏం చేశారండీ?" అని అడిగింది.

"మా అమ్మ ఊడ్చేసింది," అన్నాడు, పని అయిపోయిందన్న ధీమాతో.

"ఊడ్చి ఎక్కడ పారేశారు?"

మా అత్తగారు ఏదీ పారెయ్యదు. మా దుకాణంలో నేల మీద పడ్డ గుడ్డ ముక్క, దారం పోగు, లేసు తునక ఏదైనా సరే, సాయంత్రం చీపురుతో ఒకచోటికి చేరుస్తుంది. తరువాత పిడి ఉన్న పెద్ద అయస్కాంతం ఒకటి తీసుకుని ఆ కుప్ప మీద అటూ ఇటూ ఆడిస్తుంది. గుండుసూదులు, విరిగిన సూది ముక్కలు దానికి అంటుకుంటాయి. అంటుకోని సరుకంతా ఆమె లెక్కలో శుభ్రమైనదే. దాన్ని గోనెలో కుక్కి, గోనె నిండాక దిళ్ళలోకి, చిన్న పరుపుల్లోకి కూరుతుంది. నలభై ఏళ్ళుగా ఆ అయస్కాంతం ఆమెను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. గాజుకు, పాదరసానికి అయస్కాంతంతో పనిలేదన్న ఆలోచన ఆమెకు రాలేదు, నాకూ రాలేదు.

"గుడ్డల్లో కలిసిపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

"చీపురుతో ఊడవకూడదండీ, కంటికి కనపడనిదంతా లేచి గదిలో పరుచుకుంటుంది. కిటికీలు తీసి, కాసేపు అందరూ బయటికొచ్చి, తరవాత గట్టి అట్టతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. గుడ్డలోకి దిగితే మాత్రం ఉతికినా పోదు. ఆ గుడ్డ వాడకూడదు," అంది. నా మొహం చూసి కాస్త తగ్గింది. "మూడు ట్యూబులకే ప్రాణం మీదికి వస్తుందని కాదు. కానీ మూసిన గదిలో రోజూ ముక్కు దగ్గర పెట్టుకుంటే మంచిది కాదు. చంటిపిల్లలుంటే ఇంకా..."

మిగిలింది నేను వినలేదు.

పిచ్చుక పాప నా కళ్ళముందు మెదిలింది. పిచ్చుక అంటే మా ఆడపడుచు. చిన్నప్పుడు ఒక్కచోట వాలేది కాదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, రెండుసార్లు కడుపు పోయాక, ఈమధ్యే ఆడపిల్లను కన్నది. పాప కోసం అమ్మమ్మ స్వయంగా చిన్న పరుపు కుట్టి పంపింది. లోపల కూరింది మా దుకాణం గుడ్డ ముక్కలే. పంపింది పోయిన నెలలోనే. పాప రాత్రిళ్ళు ఊరికే ఏడుస్తోందని, నిద్రపోవడం లేదని పిచ్చుక మొన్న ఫోన్‌లో అంది. చంటిపిల్లలు ఏడవక పాటలు పాడతారా అని నేనే నవ్వాను.

ఆ అమ్మాయి మందమైన సంచులు, టేపు, రెండు జతల తొడుగులు నా చేతిలో పెట్టింది. అనుమానం ఉన్నదాన్ని దులపకుండా, నొక్కకుండా, బయటి గాలిలో విప్పి చూడమంది. గాజు నలుసులు, తెల్లని పొడి కనిపిస్తే అదేనని చెప్పింది. నేను అప్పటికే స్కూటర్ దగ్గరున్నాను. పిచ్చుకకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పాప పడుకున్నప్పుడు అది ఫోన్ నోరు నొక్కేస్తుంది. పాప పడుకున్నదంటే ఆ పరుపు మీదే.

దారిలోనే మా దుకాణం. ముందు అత్తగారిని అడగాలి, గోనెలో సరుకు ఎందులోకి పోయిందో ఆమెకే తెలుసు. లోపలికి అడుగు పెట్టగానే తలనొప్పి మందు వాసన గుప్పుమంది. ఈమధ్య ఆమె పొద్దున్నే నుదుటి నిండా అది పట్టించుకుని కూర్చుంటోంది. కర్టెన్లకు ఆ వాసన పట్టి కొనేవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారని రెండు మూడుసార్లు సణిగాను కూడా.

"అత్తయ్యా, మీ అబ్బాయి ట్యూబులు పగలగొట్టినప్పుడు ఊడ్చారు కదా. అది ఏ గోనెలో పోశారు?"

ఆమె మిషన్ ఆపలేదు. "వచ్చీరాగానే ఏమిటే ఈ పోలీసు ప్రశ్నలు? గాజంతా ఏరి పారేశా. అయస్కాంతం పెట్టి మరీ చూశా."

"అయస్కాంతానికి గాజు అంటుతుందా?"

"పెద్ద ముక్కలు చేత్తోనే తీశానని చెప్తుంటే!"

"ఆ గోనెతో ఏమేం కుట్టారు?"

"పిల్లదాని పరుపు. పక్కన సెలూన్ ఆయన కుర్చీకి దిండు. అంతే." ఇప్పుడు మిషన్ ఆగింది. "ఏం, నా చేతి పనికి ఇప్పుడు వంకలు పెడుతున్నావా? నా మనవరాలికి నేను మట్టి కూరి పంపానా?"

"మట్టి అయితే బాగుండేది. విషం అత్తయ్యా, పాదరసం!"

"ఇన్నాళ్ళూ మన నెత్తి మీద వెలిగినప్పుడు లేని విషం కింద పడగానే వచ్చిందా?" అని ఒంటికాలి మీద లేచింది. లేచిన మనిషి ఒక్క క్షణం బల్ల పట్టుకుని నిలబడింది. కోపంతో అనుకున్నాను. కిటికీలన్నీ తెరిచి, మేం వచ్చేదాకా దుకాణం ముందు కూర్చోమని చెప్పి బయటపడ్డాను. ఆమె వింటుందన్న నమ్మకం నాకు లేదు.

సెలూన్ ఆయన ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. ఖాళీగా ఉన్న రెండో కుర్చీలోంచి దిండు తీసి సంచిలో పెట్టి, సంచి మూతి బిగించి మెట్టు మీద పెట్టేశాను.

"అమ్మా, అది నా దిండు!" అన్నాడు, కత్తి గాల్లో ఆపి.

"నేను వచ్చేదాకా ముట్టుకోకండి. మీ మంచికే."

"మా నడుముకు మంచిదని మీరేగా అమ్మింది!" అని వెనకనుంచి అంటూనే ఉన్నాడు. గడ్డం సగం గీసిన పెద్దమనిషి నన్ను చూసి కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు.

మా ఆయన స్కూటర్ నడపడం రోజూ ఎలాగో ఆరోజూ అలాగే. ప్రతి గుంతకూ మర్యాద ఇస్తాడు. కాలు కాలిన పిల్లిలా వెనక నేను కదులుతుంటే, "కుదురుగా కూర్చోవే, ఇద్దరం పడతాం," అన్నాడు.

"పడితే పడదాం. పోనివ్వండి."

"పాపకేం కాదులే."

"మీకెవరు చెప్పారు?"

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే అద్దంలో ఆయన మొహం పాలిపోయి ఉంది. తిట్టడానికి నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను.

పిచ్చుక తలుపు తీసి పెదవి మీద వేలు పెట్టింది. "వదినా, మెల్లగా, ఇప్పుడే పడుకుంది."

"లేపు."

"ఏమిటి?"

"పాపను ఎత్తుకో. పరుపు నాకివ్వు."

నా మొహంలో ఏం చూసిందో, వెంటనే వెళ్ళి పాపను భుజానికి ఎత్తుకుంది. పాప ఒక్కసారి మొహం చిట్లించి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులో బలం విని నాకు కాస్త ఊపిరాడింది. చేతులకు తొడుగులు వేసుకుని పరుపును బాల్కనీలోకి తీసుకెళ్ళి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, కుట్లు విప్పే కొక్కెంతో ఒక పక్క మెల్లగా విప్పాను. అత్తగారి కుట్టు తేలికగా ఊడదు. రెండు వరసలు కుట్టి, మూలల్లో మళ్ళీ చేత్తో ముడివేసింది. నేను విప్పుతున్నంతసేపూ జరిగింది మా ఆయన గుమ్మంలో నిలబడి చెల్లెలికి చెబుతున్నాడు. తన తప్పు దాచకుండానే చెప్పాడు.

లోపల ఉన్నవన్నీ మెత్తని నూలు ముక్కలు. ఒక్క లేసు తునక లేదు, ఒక్క ముడిపడ్డ దారం లేదు. జరీ అంచులు కత్తిరించి తీసేసింది. ముక్కలన్నీ ఒకే కొలతకు తరిగి పొరలు పొరలుగా పేర్చింది. ఒక్కో పొర ఎత్తి వెలుతురులో పట్టి చూశాను. పరుపు అడుగుదాకా వెళ్ళాను. ఒక్క మెరుపు లేదు, పిసరంత పొడి లేదు. ఇంత పని ఆమె ఎప్పుడు చేసింది? పగలంతా నా పక్కన మిషన్ మీదే ఉంటుంది కదా.

"ఏమీ లేదు," అన్నాను. అక్కడే కూలబడ్డాను.

పిచ్చుక పాపను గుండెకు అదుముకుని ఏడుస్తూనే నన్ను తిట్టింది. "నా ప్రాణం తీశావు వదినా! అమ్మ దీనికి ఎంత చేసిందో నీకు తెలుసా? సగం గోనె బాగాలేదని, అందులోది పిల్లకు పనికిరాదని పక్కన పెట్టేసి, కొత్త తానులోంచి కోసి మరీ కూరిందట. నువ్వు కోప్పడతావని చెప్పొద్దంది."

"పక్కన పెట్టిందా? ఏది బాగాలేదు?"

"ఏమో. చేతికి గుచ్చుకుంటోంది అంది."

"సెలూన్ దిండులో కూరిందా?"

"అది ఇంకా ముందు కుట్టిందిగా. నాకు పురిటి నొప్పులొచ్చిన రోజు దాన్ని ఇచ్చేసే వచ్చింది."

ట్యూబులు పగిలింది పురుడయ్యాకే, అంటే సెలూన్ దిండు మంచిదే. "మరి ఆ సగం గోనె పారేసిందా?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు. ముగ్గురికీ తెలుసు.

"అమ్మ దేన్నైనా పారేస్తుందా?" అంది పిచ్చుక.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన గుంతలకు మర్యాద ఇవ్వలేదు. నేను మాత్రం కదలకుండా కూర్చున్నాను. తలనొప్పి మందు వాసన ఆ దారంతా నా ముక్కును వదల్లేదు. ఈ మధ్య అత్తగారు అన్నం సగంలో వదిలేస్తోంది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలుస్తోంది. కొత్త లైట్లు పెట్టించాక కూడా ఏమిటిది అనుకున్నానే తప్ప, ఒక్క పూట ఆగి ఆలోచించలేదు.

దుకాణం ముందు కుర్చీ ఖాళీగా ఉంది. సెలూన్ ఆయన గుమ్మంలోంచి, "ఇక్కడే కూర్చుంటే తల తిరుగుతోందని లోపల నడుం వాల్చారమ్మా," అన్నాడు.

దుకాణం వెనక ఆమె గది చిన్నది. వీధి దుమ్ము పడుతుందని ఉన్న ఒక్క కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతుంది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల కింద దిండు. దళసరి సోఫా గుడ్డ గలేబు, దాని మీద ఇంకో గలేబు. ఆ గది రోజూ చూస్తాను. ఆ దిండు కొత్తదని ఎప్పుడూ గమనించలేదు.

కిటికీ రెక్కలు బార్లా తెరిచాను. "అత్తయ్యా, లేవండి."

"వచ్చావా? ఏముంది పరుపులో? ఏమీ లేదుగా?"

"ఆ దిండులో ఏముంది?"

ఆమె చెయ్యి దిండు మీద వాలింది. లేచి కూర్చుంది. "ముక్కలే," అంది. "అయస్కాంతం పెడితే ఏమీ అంటలేదు. గోనెలో పోశాక చెయ్యి పెడితే వేలికి గుచ్చుకుంది. అలాంటిది పసిదాని కింద ఎలా పెట్టను? కొన్నవాళ్ళకు ఎలా ఇవ్వను? దులిపి, ఏరి, రెండు గలేబులు వేసి నేను పెట్టుకున్నా. నాదేముందే, మొద్దు చర్మం."

"పారెయ్యచ్చు కదా!"

"మంచి గుడ్డే."

అరవబోయాను. పొద్దున్నుంచి ఊరంతా తిరిగాను. పాప ఊపిరి గురించి బెంగపెట్టుకున్నాను, సెలూన్ ఆయన నడుము గురించి కూడా ఆలోచించాను. నా ఇంట్లో మనిషి తల కింద ఏముందో చూడాలని నాకు తోచలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ముందు ఎప్పుడూ ఏడవని దాన్ని, గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

"ఇదిగో, నాకేం కాలేదు, ఊరుకో," అని ఆమె కంగారుపడింది.

మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. సెలూన్ ఆయన ఏమీ అడక్కుండా తన కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. మెట్టు మీది సంచి చూపించి కళ్ళతోనే అడిగితే, ఆ దిండు మంచిదేనని తల ఊపాను. దాన్ని తీసి ఆమె నడుముకు పెట్టాడు. నేను గదిలోకి వెళ్ళి దిండును నొక్కకుండా రెండు చేతులతో ఎత్తి సంచిలో దించాను. దుప్పటి కూడా పెట్టాను. ఇంకో సంచి తొడిగి మూతికి టేపు చుట్టాను. టేపు ఎంత చుట్టినా చాలినట్టు అనిపించలేదు. చివరికి మా ఆయనే నా చేతిలోంచి తీసుకుని, తలుపు దగ్గరికి వేసి, సంచితో స్కూటర్ మీద షెడ్డుకు బయలుదేరాడు.

నేను ఆమె ముందు చతికిలబడ్డాను. "తలనొప్పి ఎప్పటినుంచి?"

"ఈ నెలలోనే. నిద్ర పట్టడం లేదు. చెయ్యి కాస్త వణుకుతోంది. వయసులే అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా?"

పొద్దున కొడుకు అన్న మాటే. అదే విరుపు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఈ ఇంట్లో పగిలినవీ, నొప్పి పుట్టినవీ అన్నీ నా నోటికి భయపడి దాక్కుంటున్నాయని ఆ క్షణంలో తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

"ఊరుకోను," అన్నాను. "చెప్పులు వేసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఈ మాత్రం దానికి డాక్టరెందుకే?" అంటూనే లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "అవునూ, పరుపు విప్పావా?"

"విప్పాను."

"అంతా?"

"అడుగుదాకా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రెండు వరసల కుట్టు అది. పిల్లది ఈ రాత్రి దేనిమీద పడుకుంటుంది?" అని నిజంగానే మండిపడింది. తన తల కింద ఏముందో తెలిసినప్పుడు కూడా ఆమెకు అంత కోపం రాలేదు. నేనే మళ్ళీ కుట్టి ఇస్తానన్నాను. నీ కుట్టు నాకు తెలుసు, పక్కన కూర్చుని నేను చెప్తేనే కుట్టు అంది.

డాక్టరు ఉండేది ఆ వీధి చివరే. మెల్లగా నడవడం నాకు చాతకాదు. రెండుసార్లు ముందుకు వెళ్ళిపోయి వెనక్కి వచ్చాను. ఇంకోసారి వెళ్ళబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కుదురుగా నడువు," అంది.

కుదురుగా నడిచాను. నా చేతిలో ఆమె చెయ్యి సన్నగా వణుకుతూనే ఉంది.